వచ్చిందా అంటే ఆ అన్నాను

జూన్ 1, ఆదివారం

అక్కా, ముందుగా నన్ను క్షమించు. నా రాత నీకు తెలిసిందే, కోడి గీకినట్టు ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పడతాయో వాటికే తెలియాలి. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇంతకంటే వంగదు. "నోటితో చెప్పలేనివి ఇందులో రాయి, నెల కాగానే నాకు పంపు" అని ఈ నోటుబుక్కు కొనిచ్చింది నువ్వే కాబట్టి తప్పులు కూడా నువ్వే దిద్దుకుని చదువుకో.

ఈరోజు భోజనాలయ్యాక ఇంట్లో పెద్ద సభ. మా స్టిక్కర్ కటింగ్ షాపు సంగతి.

షాపు మామయ్యగారిది. ముందు గదిలో బావగారూ, మా ఆయనా కూర్చుని బోర్డుల అక్షరాలు కంప్యూటర్లో గీస్తారు. వెనక గదిలో కటింగ్ మిషన్, దానికి తగిలించిన పాత కంప్యూటర్, ఆ రెండింటి పక్కన నేను. మిషన్ స్టిక్కర్ రోలు మీద అక్షరాలు కోస్తుంది. అక్షరం చుట్టూ మిగిలిన చెత్తనీ, గుండ్రటి అక్షరాల కడుపులో ముక్కల్నీ పట్టుకారుతో ఏరాలి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి రెండేళ్లు ఏరాను. ఆరు నెలల కిందట ఆపరేటర్ చెప్పాపెట్టకుండా మానేశాడు. చూసి చూసి నేర్చుకున్నదాన్ని, నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. నాకంటూ ఉన్న కుర్చీ ఈ లోకంలో అదొక్కటే అక్కా. ఇంట్లో అయినా ఎవరో ఒకరు లేస్తేనే నాకు చోటు.

కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారట. పాత కంప్యూటర్లో ఉన్నది ముసలిదైపోయిందట. బావగారు తెల్లటి కంప్యూటర్ ఒకటి తెచ్చారు. దాని సిస్టమే షాపుకి పెట్టాలంటారు. ఎందుకు? చూడ్డానికి బాగుంటుంది. మా ఆయన ఎక్కడినుంచో ఒక ఉచిత సిస్టమ్ దింపుకున్నారు. దాని గొప్పేమిటి? ఊరికే వస్తుంది.

"నాది పెడితే కస్టమర్ లోపలికి రాగానే గొంతు తగ్గించి మాట్లాడతాడు" అన్నారు బావగారు.

"నాదానికి వైరస్ రాదన్నయ్యా."

"నీదాన్ని వైరస్ కూడా లెక్కచేయదురా. అందుకే రాదు."

మామయ్యగారు కంచం పక్కకి నెట్టి తీర్పు చెప్పారు. ముప్పై రోజుల పరీక్ష. ఒకరోజు తెల్లది, ఒకరోజు ఉచితం. పాతదాన్ని ఎవరూ ముట్టకూడదు. గీసిన ప్రతి బొమ్మ నకలూ మాత్రం ఎప్పట్లాగే, అన్ని కంప్యూటర్లలోనూ కనబడే అందరి ఫోల్డర్లో పెట్టాలి.

"గెలిచినదానికి చదువుకున్న ఆపరేటర్‌ని పెడదాం నాన్నా, మాట్లాడి ఉంచాను. అమ్మాయి ఏరుకుంటుంది" అన్నారు బావగారు. అమ్మాయి అంటే నేనే. అక్కడే గిన్నెలు తీస్తున్నాను. గిన్నెలతో పాటు నా కుర్చీ కూడా తీసేశారు.

అందుకే నా తీర్మానాలు:

1. ముప్పై రోజుల్లో రెండు సిస్టమ్‌లూ నేర్చుకుంటాను. అప్పుడు కుర్చీ ఎలా తీస్తారో చూస్తాను!
2. పాతదాన్ని ముట్టను.
3. రోజుకో మాటయినా నలుగురి ముందు గట్టిగా మాట్లాడతాను.
4. ఈ పుస్తకంలో ఇంటి మగవాళ్లని వెక్కిరించను. పైన రాసింది లెక్కలోకి రాదు, అది తీర్మానానికి ముందు.

జూన్ 2, సోమవారం

ఉదయం 9.00. పాతదాని మీద గుడ్డ కప్పాను. కొత్తగా వేసిన తీగ ముందు గదినుంచి కర్టెన్ కిందుగా మిషన్ దాకా వచ్చింది. అంతా బాగుంది. మంచి రోజు!

11.15. మా ఆయన రోజు. ముందు గదిలో మీట నొక్కి కేక వేశారు: "వచ్చిందా?"

మిషన్ కదల్లేదు. చిన్న ఎర్రదీపం అలాగే వెలుగుతోంది. "రాలేదు" అనాలి. ముందు గదిలో కస్టమర్ ఉన్నాడు. మామయ్యగారు ఉన్నారు. బావగారు చేతులు కట్టుకుని నవ్వడానికి సిద్ధంగా నిలబడి ఉంటారు. తీగ పీకి మళ్లీ గుచ్చాను.

"వచ్చిందా అంటుంటే?"

"ఆ" అన్నాను.

11.17. అన్నాక నిజం చేయాలి కదా! గుడ్డ తీసి పాతదాన్ని లేపాను. అందరి ఫోల్డర్లో నకలు ఉంది. కోశాను.

రెండో తీర్మానం ఒక్క పూట కూడా బతకలేదు. మూడో తీర్మానం నెరవేరింది, "ఆ" కూడా మాటే. ముందు గదిలో ఆయన, "చూశావా అన్నయ్యా, ఎలా కోసిందో!" అంటున్నారు. కోసింది విన్నారు కానీ కోసినదాన్ని చూడలేదు. జిగురు వాసన పడదని వెనక గదిలోకి ఆ అన్నదమ్ములు కాలు పెట్టరు.

జూన్ 3, మంగళవారం

తెల్లదాని రోజు.

10.40. "వచ్చిందా అమ్మాయ్?"

రాలేదు. కానీ నిన్న ఆయనకి ఆ అని, ఈరోజు బావగారికి లేదంటే ఏమవుతుంది? మొగుడి వైపు లాగింది అంటారు. ఇల్లు రెండు ముక్కలవుతుంది. కాబట్టి "ఆ" అన్నాను. ఇది పాతదాన్ని ముట్టడం కిందకి రాదు. న్యాయం కిందకి వస్తుంది.

జూన్ 6, శుక్రవారం

ఐదు రోజులు. పదకొండు పనులు. పదకొండు "ఆ"లు. గుడ్డ తీయడం, కోయడం, గుడ్డ కప్పడం. గుడ్డకే చిల్లు పడేలా ఉంది.

మొదటి తీర్మానం మర్చిపోలేదు. నేర్చుకోవడానికి వెళ్లాను.

మా ఆయన నలభై నిమిషాలు చెప్పారు. ఉచితం ఎందుకు ఉచితమో, ప్రపంచంలో ఎంతమంది మంచివాళ్లు కూర్చుని జీతం లేకుండా దాన్ని తయారుచేస్తున్నారో. వాళ్ల మంచితనం తలుచుకుని ఆయన కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. కోసే మీట ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ఆయనే ఇంకా వెతుకుతున్నారేమో!

బావగారి దగ్గరికి వెళ్తే, "చేతులు కడుక్కుని రా అమ్మాయ్" అన్నారు. కడుక్కుని వచ్చాను. "తడిచేత్తో ముట్టకూడదు" అన్నారు. ఆరబెట్టుకుని వచ్చాను. తెల్లదాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తూ, "ఇప్పుడే తుడిచాను, రేపు చూద్దాం" అన్నారు. మా తోడికోడలికి తలనొప్పి వస్తే ఈయన ఇంత మెత్తగా నుదురు పట్టిన పాపాన పోలేదు.

నాలుగో తీర్మానం సోమవారంనుంచి గట్టిగా పాటిస్తాను.

జూన్ 9, సోమవారం

పాటించలేను.

ఈరోజు ముందు గదిలో గంటన్నర వాదన. తెల్లదానిలో తెర మీద తెరిచినదాన్ని మూసే గుర్తు ఎడమవైపు ఉంటుందట, అది పద్ధతి. ఉచితంలో ఎటు కావాలంటే అటు పెట్టుకోవచ్చట, అది స్వేచ్ఛ. మూసే గుర్తు కోసం గంటన్నర తెరిచి కూర్చున్నారు. ఈలోగా బేకరీవాడి బోర్డు, వ్యాన్ తలుపు మీది నంబర్లు, దర్జీ షాపు పేరు కోసి, ఏరి, పైన టేపు వేసి, చుట్టి, ముందు బల్ల మీద పెట్టాను.

"నా సిస్టమ్ స్పీడు చూశారా!" అన్నారు బావగారు.

జూన్ 12, గురువారం

గాజు తలుపు పని వచ్చింది. స్టిక్కర్ గాజుకి లోపలివైపు అంటించాలంటే అక్షరాలు తిరగేసి కోయాలి, అద్దంలో కనబడినట్టు. అప్పుడే బయటినుంచి చూసేవాళ్లకి సరిగ్గా కనబడతాయి. మా ఆయన తిరగేయడం మర్చిపోయారు. ఎప్పుడూ మర్చిపోతారు. నేను పాతదానిలో తిరగేసి కోశాను. ఆరు నెలలుగా గాజు పనులన్నీ అలాగే చేస్తున్నాను, చూడకుండా కూడా చేయగలను.

సాయంత్రం అంటించి వచ్చాక గుర్తొచ్చినట్టుంది. మొహం వెలిగిపోయింది.

"నాన్నా! నేను తిరగేయలేదు. అది దానంతటదే తిరగేసుకుంది! గాజు పని అని కనిపెట్టేసింది! ఊరికే వచ్చిన సిస్టమ్‌కి ఎంత తెలివో!"

ఊరికే వచ్చినదానికి తెలివి ఉండటం వింతే మరి. నేనూ ఈ షాపుకి ఊరికే వచ్చినదాన్నే.

జూన్ 13, శుక్రవారం

బావగారు రాత్రంతా నిద్రపోలేదట, మా తోడికోడలు చెప్పింది. ఈరోజు తెల్లదాని ముందు కూర్చుని దాన్ని బతిమాలినట్టు చూస్తూ గాజు పని ఒకటి పంపారు, తిరగేయకుండా.

"వచ్చిందా అమ్మాయ్?"

"ఆ."

"తిరిగిందా?"

"ఆ."

లోకంలో తండ్రి కాబోయేవాడు కూడా అంత గట్టిగా నిట్టూర్చడు.

జూన్ 17, మంగళవారం

ఘోరం జరిగింది.

పొద్దుట్నుంచి నాకు జ్వరం. తెల్లదాని రోజు. కంటి డాక్టర్ గాజు తలుపు పని. బావగారు ఈసారి దాని తెలివి మీద నమ్మకం లేకో ఏమో, తనే తిరగేసి పంపారు. నేను చూసుకోలేదు. గాజు పని కదా అని అలవాటు కొద్దీ మళ్లీ తిరగేశాను. రెండుసార్లు తిరిగితే మొదటికొచ్చింది! ఏరుతున్నప్పుడు అక్షరాలు సూటిగా కనబడుతుంటే కళ్లకి హాయిగా ఉందనుకున్నాను తప్ప, అలా కనబడకూడదని తట్టలేదు.

మధ్యాహ్నం 3.10. డాక్టర్ ఫోను. అందరికీ వినబడేంత గొంతు. "వీధిలోంచి నా బోర్డు చదవగలిగినవాడికి నా అవసరమే లేదండీ!"

మామయ్యగారు కస్టమర్ల ముందే బావగారిని కడిగేశారు. బావగారు, "నేను తిరగేశాను నాన్నా, ఒట్టు" అంటుంటే వినేవాళ్లు లేరు. మా ఆయన ఈల వేసుకుంటూ తిరిగారు.

తప్పు నాది. వెళ్లి చెప్పాలి. కర్టెన్ దాకా వెళ్లాను. చెయ్యి కూడా వేశాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను. జ్వరంతో ఉన్నప్పుడు నిజం చెప్పకూడదు, నీరసం వస్తుంది.

జూన్ 18, బుధవారం

ఈరోజు ఉచితం రోజు. న్యాయం కోసం మా ఆయన పనులు మూడూ గంట ఆలస్యంగా కోశాను.

"ఇంకా రాలేదేం? వచ్చిందా?"

"వస్తోందండీ."

మామయ్యగారు ఆయనని కూడా కడిగేశారు. బావగారి మొహంలో కాస్త రక్తం వచ్చింది. ఇద్దరూ సమానం. మనసు తేలికపడింది. ఒక సిస్టమ్‌ని గెలిపించాలన్నా ఓడించాలన్నా నాకు పట్టుకారు తిప్పినంత సులువు! వీళ్లిద్దరూ మాత్రం ఇంటర్‌నెట్‌లో ఎవరెవరో రాసినవి చదివి ఒకరికొకరు వినిపించుకుంటున్నారు.

జూన్ 23, సోమవారం. ఈరోజు చెప్పేస్తాను.

జూన్ 23, సాయంత్రం. మామయ్యగారికి పంటినొప్పి. చెప్పలేదు.

జూన్ 24, మంగళవారం. పంటినొప్పి తగ్గింది. మంచి ఉషారుగా ఉన్నారు. ఉషారు పాడుచేయడం దేనికని ఊరుకున్నాను.

జూన్ 25, బుధవారం. జనం ఎక్కువ.

జూన్ 26, గురువారం. జనం తక్కువ. అందరూ నన్నే చూస్తారు.

జూన్ 27, శుక్రవారం

కొత్త ఆపరేటర్ షాపు చూసుకోవడానికి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, మెడలో ఏదో కార్డు. ఏ సిస్టమ్ అయినా తనకి ఒకటేనట. వెనక గదిలోకి వచ్చి, నన్ను అడక్కుండా నా కుర్చీలో కూర్చుని, కింద మీట నొక్కి ఎత్తు తగ్గించుకున్నాడు. అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

"ఈ గుడ్డ కప్పింది ఏంటి?" అన్నాడు.

"పాతది, పనికిరాదు" అన్నారు బావగారు కర్టెన్ అవతలినుంచి.

"మరి ఇది వేడిగా ఉందేం?"

నేను చటుక్కున గుడ్డ సర్దాను. బావగారు మాత్రం, "ఆ మూల ఎండ పడుతుంది" అన్నారు. ఆ గదికి కిటికీ లేదు అక్కా. సొంత షాపులో ఏ గదికి కిటికీ ఉందో తెలియని మనిషి కంప్యూటర్ లోపల ఏముందో చెబుతారు.

అతను వెళ్లాక కుర్చీలో కూర్చుంటే బల్ల నా గడ్డం దాకా వచ్చింది. కుర్చీ పైకి లేపడం ఎంత ప్రయత్నించినా రాలేదు. నిలబడే కోశాను.

జూన్ 30, సోమవారం

రేపటితో సరి. లెక్క: అరవై నాలుగు పనులు. తెల్లది కోసినవి సున్నా. ఉచితం కోసినవి సున్నా. నేను నేర్చుకున్న కొత్త సిస్టమ్‌లు సున్నా. గట్టిగా మాట్లాడిన మాటలు: "ఆ" అరవైసార్లు, "వస్తోందండీ" ఒకసారి, మిగతావి తల ఊపడాలు.

జూన్ 31 అని ఒకటుంటే ఎంత బాగుండేది.

జూలై 1, మంగళవారం

ఉదయం 10.00. మామయ్యగారు తీర్పు చెప్పారు. "రెండూ ఒకటే. చెరో తప్పూ చేశాయి, మిగతావన్నీ బాగానే కోశాయి. ఏది ఉంచాలో సాయంత్రం చెప్తాను. ముందు ఆ పాతది వదిలించండి."

ఇద్దర్నీ సమానం చేసింది నేనే. సమానమైతే పాతదానికి ఈ గతి పడుతుందని ఈ మట్టిబుర్రకి తట్టలేదు. ఇన్నాళ్లూ వీళ్లని తిట్టాను. ఈరోజు తిట్టు నాకు.

10.30. పాత సామాన్లు కొనే మనిషి వచ్చాడు. గుడ్డ లాగి పారేశాడు. "డబ్బా బరువుగానే ఉందే" అంటూ వెనక తీగల మీద చెయ్యి వేశాడు.

ఆ తరవాత ఏం జరిగిందో నాకే సరిగ్గా తెలియదు అక్కా. ఎవరో గట్టిగా "ఆగండి" అన్నారు. గది అంతా వినబడింది. అది నేనే.

అతను ఆగాడు. కర్టెన్ పక్కకి జరిగింది. మామయ్యగారు, బావగారు, మా ఆయన ముగ్గురూ జిగురు వాసనలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమైంది అమ్మాయ్?" అన్నారు మామయ్యగారు.

పాతదాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"రాలేదు" అన్నాను.

"ఏంటి రాలేదు?"

"మొదటిరోజు వచ్చిందా అని అడిగారు కదండీ. రాలేదు. మర్నాడూ రాలేదు. ఈ నెలలో ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదు."

బావగారు నవ్వారు. "దానికేం తెలుసు నాన్నా." వెళ్లి తెల్లదానిలో మీట నొక్కారు. అందరం మిషన్ వైపు చూశాం. ఎర్రదీపం. మా ఆయన పరుగెత్తారు, ఆయనా నొక్కారు. రెండుసార్లు, మూడుసార్లు. ఎర్రదీపం. పాత సామాన్ల మనిషి కూడా మిషన్ మీదకి వంగి చూశాడు.

నేను పాతదాన్ని లేపి, అందరి ఫోల్డర్ తెరిచి, మీట నొక్కాను. మిషన్ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"మరి నేను వెళ్లనా?" అన్నాడు పాత సామాన్ల మనిషి. వెళ్లాడు.

అప్పుడు ఏమైందో తెలుసా? నెల రోజుల్లో మొదటిసారి అన్నదమ్ములిద్దరూ ఒకే మాట మీదకి వచ్చారు.

"పరీక్షంతా పాడుచేసింది నాన్నా!" అన్నారు బావగారు.

"అవునన్నయ్యా! నా సిస్టమ్‌కి అసలు అవకాశమే ఇవ్వలేదు! తప్పు వెంటనే చెబితే ఆరోజే సరిచేసేవాణ్ణి కదా!" అన్నారు మా ఆయన. తరవాత నా వైపు తిరిగి, "నలుగురిలో నా పరువు తీశావే" అన్నారు.

"నా కంటి డాక్టర్ కూడా నీ పనేనా అమ్మాయ్?"

"ఆ" అన్నాను. ఈసారి నిజంగానే ఆ.

సిస్టమ్‌లు రెండూ కలవకపోయినా సిస్టమ్‌ల తాలూకు మనుషులు కలిశారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని టీకి వెళ్లారు. నన్ను తిట్టడానికి అంత దగ్గరగా నడవాల్సి వచ్చింది పాపం.

మామయ్యగారి తీర్పు: పరీక్ష మళ్లీ మొదటినుంచి. ముప్పై రోజులు. ఈసారి పాతదాన్ని మిషన్ పక్కనున్న చెక్క బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తీగలు బీరువా వెనక చిల్లులోంచి ఉంటాయి కానీ మనిషి చెయ్యి పెట్టడానికి లేదు. తాళంచెవి ఆయన దగ్గరే.

నేను ఏడవలేదు. ఏరే బల్ల దగ్గర కూర్చుని ఏరాను. ఒక గుండ్రటి అక్షరం కడుపులో ముక్క ఎంతకీ రాలేదు.

సాయంత్రం 6.20. అన్నదమ్ములు ఇంటికి వెళ్లిపోయారు. మామయ్యగారు కర్టెన్ జరిపి లోపలికి వచ్చారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, అటు తిరిగి రోలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డారు.

"రేపు ఆసుపత్రి తలుపులు పన్నెండు. అన్నీ గాజువే."

నేను పట్టుకారు కింద పెట్టాను.

"కంప్యూటర్ అంటే మార్చగలను. కొడుకుల్ని ఎక్కడ మార్చుకోను?"

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, నా పట్టుకారు డబ్బాలో వేసి మూత పెట్టారు.

"ఆ ఆపరేటర్‌ని రావద్దన్నాను. కుర్చీ ఎత్తు సరిచేయించుకో." గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "రేపు వాళ్లు వచ్చిందా అని కేక వేస్తారు. ఏమంటావ్?"

"ఆ" అన్నాను.

"ఆ" అన్నారు మామయ్యగారు.

జూలై 2, బుధవారం

కొత్త తీర్మానాలు:

1. ఈ ముప్పై రోజుల్లో రెండు సిస్టమ్‌లూ తప్పకుండా నేర్చుకుంటాను.
2. పాతదాన్ని ముట్టను.
3. ఇంటి మగవాళ్లని వెక్కిరించను. మామయ్యగారిని అసలే వెక్కిరించను.

ఉదయం 8.50. కుర్చీ ఎత్తు సరిపోయింది. కాళ్లు నేలకి ఆనుతున్నాయి, బల్ల మోచేతికి ఆనుతోంది. బావగారు తెల్లదాన్ని తుడుచుకుంటున్నారు. అంతా బాగుంది. మంచి రోజు!

9.35. కేక వినబడింది. డబ్బా మూత తీస్తున్నాను.

అక్కా, ఈ పుస్తకం ఈరోజే పోస్టు చేస్తాను. ఇదివరకు ఇందులో నా తప్పు ఒక్కటే ఉండేది, ఇప్పుడు మామయ్యగారిది కూడా ఉంది. చదవడం అయ్యాక ఒక్క పేజీ కూడా మిగలకుండా పొయ్యిలో వేసి కాల్చెయ్యి. నవ్వడం మాత్రం కాల్చకముందే నవ్వుకో.